సీసా నిండుగానే తిరిగొస్తోంది

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లాడి భుజం మీది బ్యాగు అందుకుంటే, పొద్దున పంపినప్పుడు ఎంత బరువుందో అంతే బరువుంటుంది. జిప్పు తీసి చూస్తే నీళ్ల సీసా మూతదాకా నిండుగా ఉంటుంది. "పొద్దటి సంది ఒక్క గుక్క కూడా తాగలేదారా?" అంటే "యాదికి లేదమ్మా" అంటాడు. పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేట, బీరంగూడ, అమీన్‌పూర్ కాలనీల నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చే తల్లిదండ్రులు ఈ మాట మాకు తరచుగా చెబుతుంటారు. వాళ్లు వచ్చింది సీసా గురించి కాదు. కడుపునొప్పి అని వస్తారు. సాయంత్రమైతే తలనొప్పి అని, మలబద్ధకం అని, ఆడపిల్లకు మూత్రంలో మంట అని వస్తారు. మందు రాసే ముందు నీళ్లు ఏమాత్రం తాగుతోందని అడిగితే అప్పుడు సీసా సంగతి బయటికొస్తుంది.

పిల్లలు ఆటలో పడి దాహం మరిచిపోవడం కొత్తేమీ కాదు, దానికి కంగారు పడక్కర్లేదు. అయితే అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమని, పిల్లల్ని మెల్లగా అడిగితే కొందరు ఇంకో సంగతి చెబుతారు. "బడిల నీళ్లు తాగితే రోగమొస్తదని అమ్మ చెప్పింది. సీసాల నీళ్లు అయిపోతే మళ్ల ఎట్ల? అందుకే దాచుకున్న." ఎనిమిదేళ్ల పిల్ల ఇచ్చిన జవాబు ఇది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాహాన్ని ఓర్చుకుని ఆ సీసాను కాపాడుకుంది. తల్లి మాటను తనకు అర్థమైనంతలో తుచ తప్పకుండా పాటించింది. పరీక్ష కోసం ఇచ్చిన మూత్రం మాత్రం ముదురు పసుపు రంగులో ఉంది.

ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు రోజుకు లీటరు నుంచి లీటరున్నర నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. కొలతలు పెట్టుకుని వెంటపడనవసరం లేదు. పగలంతా కలిపి ఐదారుసార్లు మూత్రానికి వెళ్తూ, అది లేత రంగులో ఉంటే చాలు. బడిలో ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా వెళ్లలేదంటే ఆ రోజు సరిగా తాగలేదని అర్థం చేసుకోవచ్చు.

మన ప్రాంతంలో నీళ్లంటే భయం ఊరికే పుట్టింది కాదు. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు వచ్చాయి. మందుల ముడిసరుకు, రసాయనాలు తయారు చేసే కంపెనీలు బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం దాకా పాకాయి. వాటి వ్యర్థజలాలు కుంటల్లోకి, చెరువుల్లోకి, నక్కవాగులోకి చేరాయి. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. బావుల్లో నీళ్లు రంగు మారాయి, పొలాలు పాడయ్యాయి, పశువులు ఆ నీళ్లు తాగి జబ్బుపడ్డాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు రైతులతో కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పుకొచ్చింది. కేసు వేసిన ఏడాది పుట్టిన ఆడపిల్లకు తీర్పు వచ్చేనాటికి 27 ఏళ్లు, బహుశా చంకన బిడ్డ కూడా ఉండి ఉంటుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వదులుతున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు అందులో తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలాయన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఇన్ని చూసిన తల్లి తన బిడ్డకు నీళ్ల గురించి జాగ్రత్త చెబితే తప్పెవరు పడతారు? ఆ జాగ్రత్త పిల్లల చెవికి ఎలా చేరుతోంది, వాళ్ల మనసులో ఏమవుతోంది అన్నదొక్కటే మనం కూర్చుని మాట్లాడుకోవలసింది.

పెద్దవాళ్లం మనకు వాగు వేరు, బోరు వేరు, నల్లా వేరు. ఆరేడేళ్ల పిల్లలకు ఆ తేడాలుండవు. గడ్డివాములో పాముందని ఒకసారి చెబితే పిల్లాడికి వాము పొడుగునా పామే. "మన దగ్గర నీళ్లన్నీ కెమికల్ నీళ్లే" అని ఇంట్లో నాన్న ఫోన్‌లో అన్నమాట, టీవీలో నురగలు కక్కుతున్న వాగు, అవ్వ చెప్పే పాత బావి కథ అన్నీ కలిసిపోతాయి. స్నానం చేస్తూ పొరపాటున నోట్లోకి పోయిన నీళ్లకు రాత్రంతా నిద్రపట్టని పిల్లలున్నారు. వాళ్లు మనతో ఆ మాట చెప్పరు. చెబితే మనం ఇంకా భయపడతామని వాళ్లకు తెలుసు. పిల్లలు మన మాటల కంటే ముందు మన ముఖాలు చదువుతారు. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి ముఖం చిట్లించి పారబోస్తే, వాళ్లకు మనం వేరే చెప్పాల్సింది ఏమీ ఉండదు.

కాలనీల్లో ఫిల్టర్లు అమ్మడానికి వచ్చేవాళ్లు చేసే ఒక ప్రదర్శన గురించి ఇక్కడ చెప్పాలి. రెండు గాజు గ్లాసులు తీసుకుంటారు. ఒకదాంట్లో మన నల్లా నీళ్లు, ఒకదాంట్లో తమ యంత్రం నీళ్లు. కమ్మీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలో ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో నల్లా నీళ్లు తుప్పు రంగులోకి మారి, పైన మురికి తెట్టు కడుతుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. "ఇన్నాళ్లూ మీ పిల్లల పొట్టలోకి పోయింది ఇదే అమ్మా" అంటారు. పక్కనే నిలబడి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్న పిల్లవాడు తన పొట్ట మీద చేయి వేసుకుంటాడు. నిజానికి ఆ రంగులో ఎక్కువభాగం ఇనుప కమ్మీ నుంచి ఊడి వచ్చిందే. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పారదు కాబట్టి ఏమీ జరగదు. మనం రోజూ తాగే మంచి ఖనిజ లవణాలున్న నీళ్లు కూడా ఆ గ్లాసులో అలాగే మురికిగా కనిపిస్తాయి. ఫిల్టరు కొనుక్కోవాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఆ ప్రదర్శన చూసిన పిల్లవాడికి ఈ నాలుగు వాక్యాలు మాత్రం ఆ రోజే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. లేకపోతే ఆ తుప్పు రంగు ఏళ్లపాటు వాడి గ్లాసులో కనిపిస్తూనే ఉంటుంది.

ధైర్యం చెప్పాల్సిన చోట చెప్పుకుందాం. లార్సన్ బృందం మొదట కొలిచింది వ్యర్థజలాలను. అవి మన ఇంటి నల్లాలో వచ్చే నీళ్లు కావు. దూరపు నదులు, జలాశయాల నుంచి తెచ్చి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పైపుల్లో పంపే నీళ్లు మన కాళ్ల కింది భూగర్భజలం కంటే చాలా నమ్మదగినవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైనప్పుడు పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ నీళ్లు ప్రతి వీధికీ, ప్రతి రోజూ, సరిపడా వస్తున్నాయా అన్నది మీకే బాగా తెలుసు. వచ్చినచోట మాత్రం వాటిని అనుమానించి, పక్కన పెట్టి, బోరు నీళ్లు తాగించడం మంచిది కాదు.

"బ్లీచింగ్ వాసనొస్తది సార్, అందుకే తాగబుద్ధి కాదు" అంటారు. ఆ వాసన శత్రువు కాదు. మన ఇంటి నల్లా దగ్గరికి చేరేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. దారిలో ఎక్కడైనా పైపు పగిలి మురుగు కలిస్తే సూక్ష్మజీవుల్ని చంపేది ఆ మిగిలిన క్లోరినే. నీళ్లు పట్టి, పల్చటి గుడ్డ కప్పి అరగంట ఉంచితే వాసన చాలావరకు పోతుంది. పిల్లలకు కూడా "ఈ వాసన నీళ్లకు కాపలా కాసే మందుది" అని చెప్పి చూడండి. ఆ మాట వాళ్లు తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఇప్పుడు కష్టమైన మాట. మన పారిశ్రామికవాడలో పరీక్ష చేయించని బోరు నీళ్లు పిల్లలకు తాగడానికి ఇవ్వకూడదు, ఎంత తేటగా ఉన్నా, ఎంత తియ్యగా ఉన్నా. 2009లో ప్రచురితమైన తర్వాతి అధ్యయనంలో ఇక్కడి పల్లెల బావి నీళ్లలోనూ మందుల అవశేషాలు దొరికాయి. కాచితే పోతుందనుకోవద్దు. నీళ్లు బాగా మరిగి ఒక నిమిషం పాటు తెర్లితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, లోహాలు ఎక్కడికీ పోవు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. నాలుక వాటిని పట్టుకోలేదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కూడా పట్టుకోలేదు, అది కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకోవచ్చన్నది ప్రమాణం. మీటరులో 80 అని చూసి మురిసిపోయిన నీళ్లలో విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండవచ్చు, 600 చూపించిన నీళ్లు నిక్షేపంగా ఉండవచ్చు.

ఆర్నెల్ల లోపు పసిబిడ్డ ఇంట్లో ఉంటే ఈ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఎండాకాలంలో కూడా చుక్క నీళ్లు అక్కర్లేదు. పాలలోనే సరిపడా నీళ్లుంటాయి. "గొంతెండుతుంది బిడ్డకు" అని నానమ్మ చెంచాతో పట్టించడం ప్రేమతోనే, ఆమెను నొప్పించకుండా ఆ చెంచా పక్కన పెట్టించాలి. పోతపాలు తప్పనివాళ్లు పొడి కలిపేది ఏ నీళ్లతో అన్నది తప్పకుండా చూసుకోవాలి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేట్ పసిబిడ్డ రక్తం ఆక్సిజన్‌ను మోసుకెళ్లే శక్తిని దెబ్బతీస్తుంది, పెదాలు గోళ్లు నీలం తిరుగుతాయి. ఫ్లోరైడ్ మాట కొంచెం వేరు, అది మెల్లగా పనిచేస్తుంది. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసు దాదాపు ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది. ఆ వయసులో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగితే పళ్ల మీద పడే మచ్చలు మళ్లీ పోవు. నల్లగొండ జిల్లా ఆ కష్టాన్ని ఎముకల దాకా అనుభవించింది.

క్యాన్ నీళ్లు కొంటున్నాం కదా అంటారు చాలామంది. నెలనెలా ఆ ఖర్చు మోస్తున్న తల్లిదండ్రుల కష్టం చిన్నది కాదు. కానీ ఆ 20 లీటర్ల క్యాన్‌లోకి వచ్చే నీళ్లు చాలాచోట్ల మన కిందున్న బోరువే, ఆర్వో యంత్రంలోంచి వచ్చినవి. యంత్రం బాగుంటే, పొరను వేళకు మారుస్తుంటే మంచిదే. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు. క్యాన్ లోపల సరిగా కడగకపోతే చేరిన సూక్ష్మజీవిని చంపేదేదీ అందులో ఉండదు. ఖాళీ క్యాన్‌ను ఎండకు ఎత్తిపట్టి లోపలి గోడ చూడండి. పచ్చగా, జిగటగా కనిపిస్తే ఆ ప్లాంటుకు వెళ్లి అడగాలి. పొర ఎప్పుడు మార్చారు, నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారు, ఆ కాగితం చూపిస్తారా అని. అడిగే హక్కు మనకుంది.

ఎంత మంచి నీళ్లు ఇంటికి తెచ్చుకున్నా వంటింట్లో పాడవడానికి అరనిమిషం చాలు. బిందెలో గ్లాసు ముంచేటప్పుడు వేళ్లు ఎక్కడదాకా మునుగుతున్నాయో ఒకసారి గమనించండి. బొటనవేలు నీళ్లలో ఉంటుంది, చిన్నపిల్లలైతే మణికట్టు దాకా. ఆ చేయి అంతకుముందు పక్కింటి కుక్కపిల్లను నిమిరి ఉంటుంది, తమ్ముడి లాగు మార్చి ఉంటుంది. బిందె మీద మూత, పక్కన పొడుగు కాడ ఉన్న గరిటె లేదా కింద నల్లా ఉన్న పాత్ర, సబ్బుతో కడిగిన చేతులు. పెద్ద ఖర్చులేని ఈ మూడింటితో వేలరూపాయల యంత్రం చేయలేని పని అవుతుంది. ఆ గరిటె పిల్లల చేతికే ఇవ్వండి. "ఇంటిల్లిపాదికీ నీళ్లు పోసే పని నీది" అని ఐదేళ్ల పిల్లకు అప్పజెప్పి చూడండి. నీళ్లంటే బెరుకు ఉన్న పిల్లకు మనం ఇవ్వగల మందుల్లో ఇది మంచిది. భయపడే వస్తువును తన చేత్తో, ఒక పద్ధతిలో కాపాడుతున్నానన్న భావన వాళ్లను నిలబెడుతుంది.

బడి దగ్గరికి వద్దాం. ఇంట్లో ఎంత నేర్పినా పిల్లలు పగలు మెలకువగా ఉండే సమయంలో పెద్దభాగం అక్కడే గడుస్తుంది. ఆడపిల్లలు నీళ్లు తాగకపోవడానికి నీళ్లతో సంబంధం లేని కారణం ఒకటి తరచుగా ఉంటుంది. మరుగుదొడ్డి గడియ పడదు, లోపల నీళ్లుండవు, వాసన. లోపలికి వెళ్తే బయట ఎవరో తలుపు తోస్తారన్న జంకు. అందుకని పొద్దున్నే లెక్క వేసుకుంటారు, తాగకపోతే వెళ్లే పనే ఉండదని. ఆరో తరగతి పిల్ల ఈ లెక్కను ఎంత గంభీరంగా, సిగ్గుపడుతూ చెబుతుందో వింటే మనసు చివుక్కుమంటుంది. ఆమెకు "నీళ్లు తాగమ్మా" అని వందసార్లు చెప్పడం కంటే ఆ తలుపుకు గడియ పెట్టించడం మేలు. తలుపు సంగతి పిల్ల తనంతట తాను చెప్పదు. మనమే అడగాలి, అదీ తండ్రి ముందు కాకుండా, తల్లి ఒక్కతే ఉన్నప్పుడు.

కేరళ బడుల్లో 2019లో నీళ్ల గంట మొదలుపెట్టారు. రోజులో కొన్నిసార్లు గంట కొడతారు, పిల్లలందరూ ఒకేసారి నీళ్లు తాగుతారు. ఆ తర్వాత మన దగ్గరితో సహా ఇతర రాష్ట్రాల్లోనూ ఆ ఆలోచన పాకింది. దీనికి ఖర్చేమీ లేదు. అందరూ తాగుతుంటే జంకు పోతుంది, పాఠం మధ్యలో లేవడానికి సిగ్గుపడే పిల్లకు అనుమతి దొరుకుతుంది. హెడ్మాస్టరు గారిని కలిసి మనం మర్యాదగా అడగగలిగే మొదటి విషయం ఇది. రెండోది బడి ట్యాంకు. దానికి మూత ఉందా, చివరిసారి ఎప్పుడు కడిగారు, నీళ్లలో బ్లీచింగ్ ఎవరు కలుపుతున్నారు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంటసేపు ఆగితే చాలు. పాతబడి సత్తువ పోయిన పౌడరు ఎంత వేసినా లాభం లేదు. గాలి తగలకుండా మూతబిగించి దాచారా అని కూడా చూడాలి. టీచర్ల మీద ఇప్పటికే ఎన్నో పనులున్నాయి, నిలదీసినట్టు వెళ్తే తలుపులు మూసుకుంటాయి. ట్యాంకు కడిగే రోజు మనలో ఇద్దరు ముగ్గురం వచ్చి నిలబడతామని చెబితే ఏ బడీ కాదనదు.

ఇక, చెప్పడానికి మనసు రాని ఒక మాట. "నీ సీసా ఎవరికీ ఇవ్వకు" అని మనం పిల్లలకు చెబుతాం. జలుబులు, జ్వరాలు అంటుకుంటాయని మన ఉద్దేశం. కానీ మన బడుల్లో ఎవరున్నారో గుర్తు చేసుకోండి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ల పిల్లలు, రేకుల గదుల్లో ఒకే బోరు మీద పది కుటుంబాలు బతికే ఇళ్ల పిల్లలు. వాళ్ల చేతిలో సీసా ఉండదు, ఉన్నా అందులో ఉండేది ఆ బోరు నీళ్లే. పక్కన కూర్చునే పిల్లవాడు అడిగితే మన బిడ్డ ఇవ్వాలా, వద్దా? ఇవ్వకపోతే స్నేహితుడి దాహం చూస్తూ కూర్చోవాలి, ఇస్తే అమ్మ మాట కాదనాలి. ఏడేళ్ల మనసు మీద ఈ బరువు చాలా ఎక్కువ. కొందరు పిల్లలు సీసా బయటికే తీయకపోవడానికి ఇది కూడా ఒక కారణం. తీస్తే ఎవరైనా అడుగుతారని.

ఎండాకాలం వస్తే దారి పక్కన పందిరి వేసి, కొత్త కుండలు పెట్టి చలివేంద్రం నడిపే నేల మనది. ఇంటికొచ్చినవాళ్లకు మాట కంటే ముందు మంచినీళ్లు ఇస్తాం. ఆ సంస్కారం మన పిల్లలకు రక్తంలో వస్తుంది, మన జాగ్రత్త దానికి అడ్డుపడుతోంది. రెండింటికీ ఒప్పే దారి ఉంది. మూతి పెట్టకుండా ఎత్తి పోసుకుని తాగడం నేర్పండి. మన అమ్మమ్మలు చెంబుతో అలాగే తాగేవాళ్లు. "అడిగినవాళ్లకు పొయ్యి, అయిపోతే బడి నల్లా దగ్గర పట్టుకో" అని చెప్పండి. ఆ రెండో మాట చెప్పాలంటే బడి నల్లా నీళ్లు మంచివని ముందు మనకు నమ్మకం కలగాలి. ఇక్కడే మన ప్రేమ తనకు తెలియకుండా చిక్కుకుపోయింది. నా బిడ్డ సీసా ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలని మనం ఎంత కష్టపడినా, వాడు మధ్యాహ్నం తినే అన్నం ఆ ట్యాంకు నీళ్లతోనే వండుతారు. ఆ పళ్లాలు ఆ నీళ్లతోనే కడుగుతారు. ఆటలో చెమట పట్టి వచ్చి ఆ నల్లా కిందే దోసిలి పడతాడు. ఒక్క బిడ్డకు విడిగా మంచినీళ్లు ఇవ్వడం ఎవరి చేతా కాదు.

ఇంత చేసినా విరేచనాలు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. వస్తే అది మీ పెంపకంలో లోపం కాదు. పిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. మన హైదరాబాద్‌లో తయారైన రోటావైరస్ టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, చంటిబిడ్డకు వేళకు వేయించండి. విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, తక్కువా వద్దు ఎక్కువా వద్దు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి, 24 గంటలు దాటితే పారబోయండి. డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు వేయండి. మందుల షాపులో రంగు డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని ఎందరో తల్లులు మోసపోయారు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడితే, అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా, ఆరుగంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు.

ప్రతి జ్వరానికీ "గట్టి మందు రాయండి సార్" అని అడిగే తండ్రి ఆత్రం మాకు అర్థమవుతుంది. రేపు పనికి పోవాలి, బిడ్డ త్వరగా లేవాలి. కానీ వాగుల్లోకి చేరిన యాంటీబయాటిక్‌ల గురించి బాధపడే మనం, అవసరం లేకుండా అదే మందును బిడ్డ నోట్లో పోస్తే సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా తయారయ్యే పనికి ఇంట్లోనూ సాయం చేసినవాళ్లమవుతాం. డాక్టరు వద్దన్నప్పుడు ఆ మాట నమ్మండి.

మరి మొదట ఏం చేద్దాం? ముందు ఆదివారం పూట పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడదాం. "మన దగ్గర కొన్ని నీళ్లు పాడయ్యాయి, కొన్ని బాగున్నాయి. ఏవి ఏవో కనుక్కునే దారి ఉంది, మనం కలిసి కనుక్కుందాం." ఇంత చాలు. నిజం దాచక్కర్లేదు, వాగు సంగతి చెప్పండి. దాన్ని బాగు చేయడానికి పోరాడిన డాక్టర్లు, రైతులు ఉన్నారని కూడా చెప్పండి. వీలైతే అమీన్‌పూర్ పెద్దచెరువు గట్టుకు తీసుకెళ్లి పక్షుల్ని చూపించండి. ఇంత పారిశ్రామికవాడ పక్కనే ఉన్న ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. నీళ్లు చచ్చిపోయాయన్న మాట ఒక్కటే విన్న పిల్లలకు నీళ్ల మీద వాలిన కొంగను చూడటం చాలా అవసరం.

తర్వాత పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి, తక్కువ రుసుముతో సాధారణ ప్రజల నమూనాలూ తీసుకుంటారు. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పాలన్నది నియమం. మనూళ్లో ఎవరు నేర్చుకున్నారో అడగాలి, లేకపోతే మనలోనే ఐదుగురు తల్లులు ముందుకు రావాలి. ఇంటి బోరు, బడి ట్యాంకు, వీధి నల్లా మూడింటి నమూనాలూ ఇద్దాం. సూక్ష్మజీవులు, నైట్రేట్, ఫ్లోరైడ్ తప్పకుండా చూడమని చెప్పాలి, కంపెనీలకు దగ్గరగా ఉన్న బోరైతే లోహాలు కూడా. సీసా నింపేటప్పుడు పిల్లలను పక్కన ఉండనివ్వండి, తేదీ వాళ్ల చేతే రాయించండి.

నివేదిక బాగుంటే ఇంట్లో అందరి ముందూ ఆ నీళ్లు మనం ముందు తాగుదాం. బాగాలేకపోతే కాగితం మీద రాసి ఇద్దాం. మన కాలనీ ఏ కార్యాలయం కిందికి వచ్చినా సరే, నోటిమాటగా కాకుండా నివేదిక ప్రతి జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకుని, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో అడిగి రాయించుకోవాలి. కింద సంతకాలు తీసుకునేటప్పుడు అపార్ట్‌మెంట్ల దగ్గర ఆగిపోకుండా రేకుల గదుల వీధిలోకి కూడా వెళ్దాం. తెలుగు రాయడం రానివాళ్లు ఒరియాలోనో హిందీలోనో పెడతారు, వేలిముద్రైనా వేస్తారు. వాళ్ల పిల్లలూ మన పిల్లలూ ఒకే నల్లా దగ్గర వరుసలో నిలబడుతున్నారు.